వాక్యూమ్ ప్రెస్‌తో వంపు చెక్క

జిగురు రాసిన పల్చటి చెక్క పొరలను వంపు తిరిగిన అచ్చు మీద పేర్చి, గాలి చొరని సంచిలో పెట్టి, లోపలి గాలిని పంపుతో లాగేసి అతికించే పద్ధతిని వాక్యూమ్ ప్రెస్సింగ్ అంటారు. జిగురు గట్టిపడ్డాక పొరల దొంతర అచ్చు ఆకారంలోనే నిలిచిపోతుంది. కుర్చీల వీపులు, ఆసనాలు, చేతులు, వంపు తలుపులు, అలమారల గుండ్రటి పక్కపలకలు ఇలా తయారవుతాయి. పంపు గాలిని బయటికి లాగుతుందే గాని చెక్కను నొక్కదు. నొక్కేది మన చుట్టూ ఎప్పుడూ ఉండే వాతావరణమే. ఈ పద్ధతికి ఉన్న సౌలభ్యమూ, దాని హద్దూ రెండూ అక్కడి నుంచే వస్తాయి.

వంపు ముక్కను మందపాటి పలకలోంచి రంపంతో కోసి తీయవచ్చు. కాని అప్పుడు నార వంపు వెంట నడవదు. వంపు తిరిగే చోట నార అడ్డంగా తెగి ఉంటుంది కాబట్టి బరువు పడినప్పుడు చెక్క అక్కడే పుటుక్కున విరుగుతుంది. ఆవిరి పట్టి వంచితే నార తెగదు. అయితే బీచ్, ఆష్, ఓక్ లాంటి కొన్ని కలపలే ఆవిరికి బాగా లొంగుతాయి, వంచిన ముక్కలన్నీ ఒకే కొలతకు రావడం కష్టం. పొరలు తీసి అతికిస్తే నార ఈ కొస నుంచి ఆ కొస దాకా వంపు వెంటే పోతుంది. ఒకే అచ్చు మీద చేసిన ముక్కలు దాదాపు ఒకే కొలతకు వస్తాయి.

అతికించి వంచిన చెక్క చరిత్ర

రైన్ నది ఒడ్డున బొప్పార్డ్‌లో 1796లో పుట్టిన మిఖాయెల్ థోనెట్ 1830లలోనే వెనీర్, అంటే పల్చటి చెక్క పొరల, పట్టీల కట్టలను వేడి జిగురులో నానబెట్టి, అచ్చుల్లో వంచి కుర్చీలు చేశాడు. అప్పటి జిగురు జంతువుల చర్మాలు, ఎముకలు ఉడికించి తీసినది. తేమ తగిలితే మెత్తబడి పొరలు విడిపోయేవి. ఓడలెక్కి ఉక్కపోత దేశాలకు వెళ్లే సరుకుకు అది పనికిరాలేదు. థోనెట్ చివరికి గట్టి చెక్కనే ఆవిరితో వంచడానికి మళ్లాడు. ప్రపంచమంతా ఎరిగిన 1859 నాటి 14వ నంబరు కుర్చీ ఆ మళ్లింపులోంచి వచ్చినదే. అతికించి వంచే పని మాత్రం మంచి జిగురు కోసం చాలాకాలం కాచుకుని ఉండాల్సి వచ్చింది.

ఫిన్లాండ్ వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో 1930ల మొదట్లో ఒట్టో కొర్హొనెన్ అనే ఫర్నిచర్ తయారీదారుతో కలిసి బర్చ్ కలపను వంచే పద్ధతులను వెతికాడు. పైమియో క్షయరోగ చికిత్సాలయం కోసం చేసిన కుర్చీ, 1933 నాటి మూడుకాళ్ల స్టూలు ఆ కృషి ఫలాలే. ఆ స్టూలు కాలు తయారీ గమనించదగ్గది. గట్టి బర్చ్ కోలకు ఒక కొసన మాత్రం నార వెంట రంపపు చీలికలు పెట్టి, వాటిలో జిగురు రాసిన పల్చటి పొరలు దూర్చి, ఆ భాగాన్నే మూల మలుపులా వంచారు. వంపు ఉన్న చోటే పొరలు, నిటారుగా ఉన్న చోట గట్టి చెక్క. అవసరమైనంత మేరకే పని చేయడంలో ఇంతకన్నా చక్కటి ఉదాహరణ ఫర్నిచర్ చరిత్రలో అరుదు.

గాలితో అదిమే ఆలోచన మాత్రం విమానాల నుంచి వచ్చింది. 1927లో ఎగిరిన లాక్‌హీడ్ వేగా విమానపు దేహాన్ని రెండు సగాలుగా చేశారు. కాంక్రీటు తొట్టిలాంటి అచ్చులో జిగురు రాసిన పొరలు పరిచి, పైన రబ్బరు తిత్తి పెట్టి, మూత బిగించి, తిత్తిలోకి గాలి నింపేవారు. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1941లో లాస్ ఏంజిలిస్‌లోని తమ అద్దె ఇంట్లో కట్టుకున్న యంత్రమూ ఇదే బాపతు: విద్యుత్ తీగలతో వేడెక్కే ప్లాస్టర్ అచ్చు, సైకిలు పంపుతో ఉబ్బించే తిత్తి. ఆ ప్రయోగాల నుంచే అమెరికా నౌకాదళానికి విరిగిన కాళ్లకు కట్టే ప్లైవుడ్ బద్దలు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపు సుమారు లక్షన్నర తయారయ్యాయి. యుద్ధం తర్వాత ఈమ్స్ కుర్చీలు వచ్చాయి.

ఈ యంత్రాల్లో గాలిని నింపి ఒత్తిడి తెచ్చేవారు. నింపడానికి బదులు లాగేస్తే వాక్యూమ్ ప్రెస్ అవుతుంది. గాలి నింపే తిత్తి పగలగొట్టుకు పోకుండా బలమైన మూత, బోల్టులు కావాలి. గాలి లాగే సంచికి అవేవీ అక్కర్లేదు. చిన్న పనిశాలకు ఈ తేడా చాలా పెద్దది. యుద్ధకాలపు విమాన పరిశ్రమ నుంచి పడవలు కట్టేవారి చేతుల్లోకి, వారి నుంచి ఫర్నిచర్ పనివారి చేతుల్లోకి ఈ పద్ధతి వచ్చింది. మిషిగన్‌లో గూజన్ సోదరులు ఎపాక్సీతో పొరల పడవలు కట్టి, వాక్యూమ్ సంచి వాడకాన్ని పడవల ప్రపంచంలో బాగా ప్రచారంలోకి తెచ్చారు.

గాలి ఎంత బరువు మోపుతుంది

సముద్రమట్టం దగ్గర వాతావరణం ప్రతి చదరపు సెంటీమీటరు మీద 1.03 కిలోల బరువు మోపుతుంది. అన్ని వైపుల నుంచీ సమానంగా ఉంటుంది కాబట్టి అది మనకు తెలియదు. ఒక వైపు గాలి తీసేస్తే రెండో వైపు బరువు బయటపడుతుంది. 1650లలో మాగ్డెబర్గ్ మేయరు ఒట్టో ఫాన్ గెరికె రెండు రాగి అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తీసి, గుర్రాల జట్లతో లాగించినా అవి విడిపోకపోవడం ఈ బరువు వల్లనే.

పనిశాల పంపు పూర్తి శూన్యాన్ని తేలేదు. గేజీలో 25 అంగుళాల పాదరసం, అంటే 635 మిల్లీమీటర్లు చూపితే సంచి మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 0.86 కిలోలు పడుతున్నాయన్నమాట. 45 సెంటీమీటర్ల చదరపు ఆసనం మీద ఇది మొత్తం 1,700 కిలోలు దాటుతుంది. చదరపు మీటరుకైతే 8 టన్నుల పైచిలుకు. వినడానికి చాలా ఎక్కువే. కాని మామూలు తెల్ల జిగురుకు తయారీదారులు చెప్పే బిగింపు కలప గట్టితనాన్ని బట్టి చదరపు సెంటీమీటరుకు 7 నుంచి 17 కిలోల దాకా ఉంటుంది. వాక్యూమ్ ప్రెస్ అందులో ఎనిమిదో వంతు కూడా అందివ్వదు. ఎంత ఖరీదైన పంపు కొన్నా ఈ అంకె ఒక వాతావరణాన్ని దాటదు. కాబట్టి క్లాంపు ఉన్నచోట బలంతో దాచేయగల లోపాలను ఇక్కడ ముందే సరిచేసుకోవాలి. పొరల మందం, అచ్చు నునుపు, జిగురు ఎంపిక, అన్నీ ఈ ఒక్క పరిమితికి లోబడే నడుస్తాయి.

ఎత్తు పెరిగేకొద్దీ ఈ పరిమితి ఇంకా తగ్గుతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. విశాఖపట్నంలో గేజీ 30 అంగుళాల దరిదాపుల దాకా పోగలిగితే, హైదరాబాదులో అత్యుత్తమమైన పంపు కూడా 28 దగ్గరే ఆగిపోతుంది. అది పంపు లోపం కాదు.

అచ్చు

తక్కువ బలానికి బదులుగా ఈ పద్ధతి ఇచ్చేది దిశ. ఆడ, మగ అచ్చుల జతతో పైనుంచి కిందికి నొక్కినప్పుడు బల్లపరుపుగా ఉన్నచోట ఒత్తిడి బాగా పడుతుంది, నిలువుకు దగ్గరైన చోట పడదు. పై అచ్చు ఒక మిల్లీమీటరు దిగితే 60 డిగ్రీల ఏటవాలు దగ్గర పొరల మధ్య సందు అర మిల్లీమీటరే మూసుకుంటుంది. లోతైన వంపుల పక్కలు విడిపోవడానికి ముఖ్య కారణం ఇదే. వాక్యూమ్ సంచి అచ్చు ఎటు తిరిగితే అటు తిరిగి, ప్రతిచోటా ఉపరితలానికి లంబంగా నొక్కుతుంది. అందువల్ల ఒక్క అచ్చు చాలు. రెండు అచ్చులు ఒకదానికొకటి సరిపోయేలా, మధ్యలో దొంతర మందానికి చోటు విడిచి చెక్కడం ఎంత శ్రమో ఎరిగిన వడ్రంగికి ఈ ఒక్క సౌకర్యమే సంచి కొనడానికి సరిపోయే కారణం.

అచ్చు ఎప్పుడూ గట్టిగా ఉండాలి. ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్ పలకలను ఒకే ఆకారంలో కోసి వరుసగా నిలబెట్టి, పైన వంగే ప్లై రెండు మూడు పొరలు వేసి అచ్చు కడతారు. పలకల మధ్య దూరం ఎక్కువైతే పై తొడుగు గాలి బరువుకు లోపలికి కుంగి, ఆ అలలు కుర్చీ వీపు మీద తేలతాయి. బోలుగా కట్టిన అచ్చుకు రంధ్రాలు పెట్టకపోతే లోపలి గాలి నెమ్మదిగా కారుతూ గేజీని నిలవనివ్వదు. అంచులు, మూలలు గుండ్రంగా చెయ్యకపోతే సంచి అక్కడే చిరుగుతుంది.

పొరలను ఉబ్బు వైపు, అంటే మగ అచ్చు మీద వేయడమే మేలు. గుంట అచ్చులోకి సంచి సాగి దిగాలి. లోతు ఎక్కువైతే అది అడుగుకు చేరక, రెండు గోడల మధ్య వంతెనలా వేలాడి, మధ్య భాగం అతకకుండానే మిగులుతుంది. రెండు దిక్కులా వంగే ఆకారాలు మరింత జటిలం. గుమ్మడికాయకు న్యూస్‌పేపరు చుడితే మడతలు పడినట్టే వెనీర్ కూడా అలాంటి అచ్చు మీద మడతలు పడుతుంది, లేదా చీలుతుంది. పడవలు కట్టేవారు సన్నటి పట్టీలను ఏటవాలుగా పరిచి దీన్ని దాటారు. ఈమ్స్ దంపతులు ఆసనమూ వీపూ ఒకే ప్లైవుడ్ చిప్పగా రావాలని ఎంతో ప్రయత్నించి, చెక్క చీలిపోతుండటంతో రెండు ముక్కలుగా విడదీశారు. వాళ్ల కుర్చీకి ఇప్పుడున్న రూపం చెక్క చెప్పిన మాట విన్నందువల్ల వచ్చింది.

పొరల మందం

పొరను వంచినప్పుడు బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నలుగుతుంది. ఎంత సాగుతుందో లెక్క తేలికే: పొర మందాన్ని వంపు వ్యాసంతో భాగిస్తే చాలు. 30 సెంటీమీటర్ల వ్యాసార్ధపు వంపుకు 3 మిల్లీమీటర్ల పొర వాడితే బయటి నార అర శాతం సాగుతుంది. ఎండిన కలప నార సుమారు ఒక శాతం దగ్గర తెగుతుంది కాబట్టి ఇది భద్రమే. అదే పొరను 15 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి వంచబోతే తెగే హద్దు దాకా పోయినట్టు. ముడి, వంకర నార ఉంటే ఆ లోపే పోతుంది.

విరగకపోవడం ఒక్కటే చాలదు. సంచి ఒత్తిడికి పొర అచ్చును పూర్తిగా తాకాలి, అచ్చులోంచి తీశాక వంపు విచ్చుకోకూడదు. వంచిన ప్రతి పొరా తిరిగి నిటారుగా లేవాలని చూస్తుంది. జిగురు వాటిని పట్టి ఉంచుతుంది. అచ్చు నుంచి తీయగానే దొంతర మొత్తంగా కొంత విచ్చుకుంటుంది. బల్లపరుపు దూలం సూత్రాల ప్రకారం ఈ విచ్చు పొరల సంఖ్య వర్గానికి విలోమంగా ఉంటుంది. రెండు పొరలైతే వంపులో నాలుగో వంతు పోతుంది. నాలుగు పొరలైతే పదహారో వంతు, ఎనిమిది పొరలైతే అరవై నాలుగో వంతు. అంటే 12 మిల్లీమీటర్ల వీపును నాలుగు 3 మిల్లీమీటర్ల పొరలతో చేస్తే ఆరు శాతం పైగా విచ్చుకుంటుంది. ఎనిమిది ఒకటిన్నర మిల్లీమీటరు పొరలతో చేస్తే ఒకటిన్నర శాతమే. సంచిలో చేసే పనికి ఎప్పుడూ ఎక్కువ పొరల వైపే మొగ్గడం మంచిది. పొరలు పెంచలేనప్పుడు అచ్చును ఆ మేరకు ముందే బిగువుగా కట్టుకోవచ్చు. నాలుగు పొరలతో 60 సెంటీమీటర్ల వ్యాసార్ధం కావాలంటే అచ్చును 56 సెంటీమీటర్లకు కాస్త పైగా చేస్తే సరిపోతుంది. జిగురులోని తడికి చెక్క ఉబ్బి ఆరడం ఈ లెక్కను కొంచెం అటూ ఇటూ చేస్తుంది కాబట్టి పని విలువైనదైనప్పుడు ఒక నమూనా ముక్క చేసి చూడటమే దారి.

దొంతరలో బయటి పొర లోపలి పొర కన్నా ఎక్కువ దూరం నడవాలి. 20 మిల్లీమీటర్ల దొంతర 90 డిగ్రీలు తిరిగితే ఈ తేడా 31 మిల్లీమీటర్లు. పొరలు ఒకదానిమీద ఒకటి జారితేనే ఇది కుదురుతుంది. అందుకే కొసలను టేపుతో బంధించకూడదు. ప్రతి పొర మధ్యలో గీత గీసి, ఆ గీతలను అచ్చు మధ్య గీతకు కలిపి, అక్కడ మాత్రమే పట్టి ఉంచి, ఒత్తిడిని మధ్య నుంచి కొసలకు పోనివ్వాలి.

దుకాణంలో దొరికే అలంకార వెనీర్ అర మిల్లీమీటరు మందం ఉంటుంది. అది పై తొడుగుకే తగినది. వంపుకు బలమిచ్చే పొరలను పలక నుంచి బ్యాండ్‌సా మీద చీల్చుకుంటారు. మందపాటి బ్లేడున్న సర్క్యులర్ రంపంతో చీలిస్తే పొర ఎంత వస్తుందో రంపపు పొట్టూ దాదాపు అంతే పోతుంది. చీల్చిన వరుస చెడకుండా నంబర్లు వేసి అదే వరుసలో పేరిస్తే, అతికిన ముక్క అంచున చూసేవారికి అది ఒకే చెక్కలా కనిపిస్తుంది. మందం అంతటా సమంగా ఉండాలి. క్లాంపు మూసేసే సందును సంచి మూయలేదు.

జిగురు

మన వడ్రంగుల చేతిలో 1959 నుంచి ఉన్న ఫెవికాల్ లాంటి తెల్ల జిగుళ్లు బల్లపరుపు పనికి, కీలు అతుకులకు భేషైనవి. వంపు దొంతరకు మాత్రం వాటిని రెండుసార్లు ఆలోచించి వాడాలి. తెల్ల జిగురు ఎండినా రబ్బరులా కొంచెం జారే గుణం ఉంచుకుంటుంది. వంపులోని పొరలు ఏళ్ల తరబడి నిటారుగా లేవాలని తోస్తూనే ఉంటాయి, ముఖ్యంగా ఎండాకాలంలో జిగురు మెత్తబడినప్పుడు. ఫలితంగా వంపు మెల్లగా తెరుచుకుంటుంది, అంచున పొరల గీతలు వేలికి తగులుతాయి. తక్కువ వంపుకు, ఎక్కువ పల్చటి పొరలకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. బిగువైన వంపుకు ఇబ్బందే.

పొడిని నీళ్లలో కలుపుకునే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు గాజులా గట్టిపడి జారదు. రాయడానికి కావలసినంత వ్యవధి ఇస్తుంది, ధర అందుబాటులో ఉంటుంది. ఫ్యాక్టరీ ప్లైవుడ్‌లో ఎక్కువగా వాడేదీ అదే. దాన్నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషుల్లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. కాబట్టి కిటికీలు తెరిచి కలపాలి. ఎండిన జిగురును ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. ఎపాక్సీ తడికి చెదరదు, సందులు నింపుతుంది, తక్కువ ఒత్తిడినే కోరుతుంది. ఈ చివరి గుణం వల్ల అది వాక్యూమ్‌కు సహజంగా కుదురుతుంది. ధర, చర్మానికి పడకపోవడం దాని లోపాలు. పాలీయురెథేన్ నురుగు సందులు నింపినట్టు కనిపిస్తుంది గాని ఆ నురుగుకు బలం ఉండదు.

నీటితో కలిసే జిగుళ్లకు సంచిలో ఒక చిక్కు ఉంది. ప్లాస్టిక్ మధ్య చిక్కిన తడికి బయటికి దారి ఉండదు. అది చెక్కలోకే ఇంకాలి. సంచిలోంచి తీసిన ముక్క గట్టిగా అనిపించినా లోపల తడి నిలిచే ఉంటుంది. అచ్చుకే కట్టి, రెండు ముఖాలకూ గాలి తగిలేలా మరికొన్ని రోజులు ఆరనివ్వాలి. ఒక ముఖం ముందే ఆరితే ముక్క మెలి తిరుగుతుంది.

సంచి, పంపు, పని నడక

సంచులు ఎక్కువగా వినైల్‌వి, లేదా పాలీయురెథేన్‌వి. వినైల్ చవక, కాస్త బిరుసు. పాలీయురెథేన్ బాగా సాగి వంపుల్లోకి దిగుతుంది, జిగురు దానికి అంటదు. వంపు పనికి అదే తగిన పెట్టుబడి. పంపు రకాలు రెండు మూడు ఉన్నాయి. పనిశాలలో కంప్రెసర్ ఉంటే దాని గాలి ఊపునే వాడుకుని పీల్చే వెంచురీ చాలు. లేకపోతే మోటారుతో నడిచే రోటరీ పంపు కావాలి. పెద్ద సంచిలోని గాలిని మొదట ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో తీసేస్తే పంపుకు శ్రమ తగ్గుతుంది. స్కేట్‌బోర్డు పలకలు అతికించే కుర్రవాళ్లకు చేతిపంపు కూడా సరిపోతోంది.

గాలి బయటికి రావడానికి దారి ఉండాలన్నది కొత్తవారు మరిచిపోయే విషయం. సంచి ముందుగా గొట్టం మూతి దగ్గరే అతుక్కుపోతే దూరపు గాలి లోపలే చిక్కుకుంటుంది. అందుకే అడుగు పలక మీద గాడులు కోస్తారు, దొంతర మీద వల గుడ్డ పరుస్తారు. దొంతరకు పైన పల్చటి, వంగే పలక ఒకటి వేస్తే సంచి మడతల ముద్రలు చెక్క మీద పడవు. అచ్చుకూ దొంతరకూ మధ్య పాలిథీన్ కాగితం తప్పదు. పొరలు అచ్చు అంచు దాటి ఎక్కువగా వేలాడితే సంచి వాటిని కిందికి లాగి విరిచేస్తుంది. దాన్ని ఆపడానికి పై పలకను దొంతర కన్నా కొంచెం పెద్దదిగా కోస్తారు.

జిగురు లేకుండా ఒకసారి అంతా పేర్చి, సంచి మూసి, పంపు వేసి చూడటం ఈ పనిలో తప్పనిసరి మెట్టు. పొరలు అచ్చును తాకడం లేదంటే మందం ఎక్కువని అర్థం. గేజీ పడిపోతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. నిశ్శబ్దంలో ఆ ఈల వినబడుతుంది. అసలు పనిలో ప్రతి అతుకుకూ ఒక ముఖానికి రోలరుతో సమంగా జిగురు రాసి, పేర్చి, కొసలను ముందు చేత్తోనో బెల్టుతోనో సగం వంచి సంచిలోకి తోస్తారు. గేజీ పది అంగుళాల దగ్గర ఆపి, సంచి మడతలు సరిచేసి, పొరల గీతలు కదిలాయేమో చూసి, ఆ తర్వాతే పూర్తిగా లాగాలి.

ఒక వంపు కాలు కోసం సన్నటి దొంతరను నాలుగుసార్లు అతికించే కన్నా, నాలుగు కాళ్ల వెడల్పున్న ఒకే దొంతరను అతికించి తర్వాత చీల్చడం తెలివైన పని. నాలుగూ ఒకే కొలతకు వస్తాయి. సంచికీ సన్నటి, మందపు కట్టల కన్నా వెడల్పాటి పలకలే అనుకూలం. చీల్చేటప్పుడు ఎండిన జిగురు రంపపు పళ్లను తొందరగా మొద్దుబారుస్తుంది. కార్బైడ్ పళ్లున్న బ్లేడు వాడాలి.

తెలుగు నేల మీద

హైదరాబాదు, విజయవాడ ఇంటీరియర్ పనుల్లో గుండ్రటి కౌంటర్లకు ఫ్లెక్సీ ప్లై వంచి మేకులు కొట్టడం, పలక వెనక రంపపు గాట్లు పెట్టి వంచడం మామూలు. వంటగది అలమారలకు వాడే మెంబ్రేన్ తలుపుల మీద పీవీసీ పొరను అతికించేది కూడా వేడి, వాక్యూమ్ కలిసిన ప్రెస్సే. అంటే సూత్రం మన ఫ్యాక్టరీలకు పరిచితమే. గట్టి కలప ఫర్నిచర్ చేసే వడ్రంగి దుకాణాల్లోకి అది రావాల్సి ఉంది.

ఇక్కడి టేకు సొంత షరతులు పెడుతుంది. దానిలోని నూనె జిగురును పట్టనివ్వదు. చిత్రిక పట్టిన రోజే అతికించాలి, లేదా అతికే ముఖాన్ని అసిటోన్‌తో తుడిచి వెంటనే జిగురు రాయాలి. రెంటచింతల, రామగుండం వేసవిలో మరో లెక్క గుర్తుంచుకోవాలి. ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సముద్రతీరంలో గేజీ 25 అంగుళాలు చూపినప్పుడు సంచిలో నీరు మరగడానికి సుమారు 56 డిగ్రీలు కావాలి. హైదరాబాదు ఎత్తులో అదే గేజీకి 46, 47 డిగ్రీలు చాలు. మే నెలలో రేకుల షెడ్డులోని వేడి అక్కడికి చేరుతుంది. జిగురులో నీరు బుడగలు కడితే అతుకు గుల్లబారుతుంది. గేజీని 20, 21 అంగుళాలకు తగ్గించుకోవడం ఒక ఉపాయం. తెల్లవారుజామున పని మొదలుపెట్టడం అంతకన్నా మంచిది, ఎందుకంటే యూరియా జిగురు కూడా వేడికి త్వరగా బిగుసుకుని, ఎనిమిది పొరలకు రాసేలోపే మొదటి పొర మీద పొర కట్టేస్తుంది.